ఎక్స్‌రే కవర్లలో ఆదివారాలు

నవంబరు పద్దెనిమిది, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు తాండూరులో రైలెక్కాను. ఆ వేళకు నా చెల్లెలు అనసూయ ఎడమ కంట్లో ఇంకా కొంత చూపు మిగిలి ఉంది. నేను బయలుదేరింది ఆ మిగిలిన చూపు కోసమే కనుక వేళ రాసి పెట్టుకున్నాను.

అనసూయ ఫోటోగ్రాఫరు. హైదరాబాదులో, అబిడ్స్‌లో ఒక సందు మొదట్లో, పై అంతస్తులో ముప్ఫై ఎనిమిదేళ్ళు స్టూడియో నడిపింది. చీరల దుకాణాలవాళ్ళు పేపర్లో వేయించే ప్రకటనలకు, దీపావళికి పంచే క్యాలెండర్లకు కావలసిన ఫోటోలు ఆమె తీసేది. పెళ్ళి సంబంధాలకు పంపే ఫోటోలు సరేసరి. తీసేది ఆడమనిషి అని తెలిసి నాంపల్లి నుంచి, చాదర్‌ఘాట్ నుంచి బురఖా వేసుకునే ఆడవాళ్ళు కూడా వచ్చేవారు. వాళ్ళు ఫోటోతోపాటు నెగెటివ్ కూడా పట్టుకుపోయేవారు, తమ మొహం ఇంకొకరి దగ్గర ఉండకూడదని. అనసూయ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. వాళ్ళు ఆమెను 'ఫోటో ఆపా', అంటే ఫోటో అక్క, అని పిలిచేవారు.

నాలుగేళ్ళ కిందట నీటికాసులతో ఆమె కుడి కన్ను పోయింది. స్టూడియోకు తాళం వేసి తాండూరులో నా దగ్గరికి వచ్చేసింది. నేను లెక్కల టీచరుగా రిటైరై, మా ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. మొన్న దసరా వెళ్ళిన రెండో వారంలో కంటి డాక్టరు ఎడమ కన్ను కూడా పరీక్ష చేసి, కొత్త సంవత్సరం దాకా ఉంటే గొప్ప అన్నాడు. ఇంటికి వచ్చాక అనసూయ ఏడవలేదు. చెయ్యి ముందుకు చాచి అరచేతిని చూసుకుంటూ కూర్చుంది. చెయ్యి చాచినంత దూరంలో ఆమెకు కనిపించేది సాసరంత గుండ్రం. దాని చుట్టూ చీకటి.

"అక్కా, పోస్టుకార్డంత సైజుల ప్రింటు చేపిస్తే మొహం మొత్తం గీ గుండ్రంల పడ్తది. నా ఆదివారం ఫోటోలు తెచ్చిస్తవా? గవి నేను మొహాల లెక్క ఒక్కసారి గూడ సూడలే," అంది.

ఆదివారం ఫోటోలంటే ఏమిటో చెప్పాలి. వారంలో ఆరు రోజులు ఆమె పని అమ్మాయిలను తెల్లగా, నున్నగా చూపించడం. దుకాణాలవాళ్ళు డబ్బిచ్చేది అందుకే. ఆదివారం అబిడ్స్‌లో పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి. ఆ రోజు ఆమె అదే అమ్మాయిలను, చీరలకు ఇస్త్రీ చేసేవాళ్ళను, జాకెట్లు కుట్టేవాళ్ళను, వాళ్ళ వాళ్ళ సొంత బట్టల్లో కూర్చోబెట్టి, మూతబడ్డ ఒక పాత స్టూడియో నుంచి కొన్న పెద్ద చెక్క కెమెరాతో తీసేది. ఆ కెమెరాకు పట్టే ఫిల్ము కొనే స్తోమత లేదు. అందుకని గడువు దాటిన ఎక్స్‌రే ఫిల్ము చవకగా కొని, ఎర్ర దీపం వెలుగులో కోసి వాడేది. ఆ ఫిల్ముకు ఎరుపు తెలియదట. అందువల్ల మన చర్మం ఉన్నదానికంటే ఒక ఛాయ నల్లగా, ప్రతి మచ్చా ప్రతి ముడతా తెలిసేటట్టు పడుతుందట. తనకు కావలసింది అదేనని చెప్పేది. కడిగి, ఆరబెట్టి, ఒకసారి దీపానికి ఎదురు పెట్టి చూసి, ఎక్స్‌రే కవర్లలో దాచేసేది. ప్రింట్లు తర్వాత, తీరిక దొరికాక. ఇలా పదకొండేళ్ళు తీసింది. మొత్తం మూడు వందల అరవై నాలుగు. తీరిక దొరికేసరికి కన్ను పోయింది.

నాతో ముందుగా పన్నెండు పేర్లు చెప్పి పంపింది. వాళ్ళ ఫోటోలు మొదట చేయించాలి. కన్ను నిలిస్తే మిగతావి.

నాంపల్లి స్టేషన్

రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరింది. స్టేషన్ బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు, నిలబడి తినాలి. మా తాండూరులో హోటలువాడు చోటు లేకపోయినా కూసోండి అంటాడు. ఇక్కడ చోటు ఉన్నా అనరు. కాని చట్నీ బాగుంది, ఇంకోసారి అడిగితే మొహం చిట్లించకుండా పోశాడు. మధ్యాహ్నం ఒక భోజనం హోటలు ముందు 'తాండూరు కందిపప్పు' అని రాసి ఉంటే ఊరి అభిమానంతో లోపలికి పోయాను. నూట పది రూపాయలు. పప్పులో గిన్నె అడుగు కనిపించింది. తాండూరు అనే మాట ఒక్కటే అందులో చిక్కగా ఉంది.

స్టేషన్ ఎదురుగా లాడ్జిలో గది రోజుకు తొమ్మిది వందలు. బల్ల దగ్గర కూర్చున్నాయన నన్ను ఎగాదిగా చూసి, ఒక్కరేనా అమ్మా, వెంట ఎవ్వరు లేరా అని రెండుసార్లు అడిగాడు. ఒక్కదానికి ఒక్క కిరాయే తీసుకో నాయనా అన్నాను. నవ్వి, కింది అంతస్తులో గది ఇచ్చాడు. వేడినీళ్ళు ఆరు నుంచి ఏడు దాకా అని గోడ మీద రాసి ఉంది. నేనున్న రెండు పొద్దులూ రాలేదు.

అబిడ్స్‌కు నడిచే పోయాను. దారిలో, ఫోటోలు ప్రింటు చేసే మనిషి దుకాణంలో ఆగాను. అనసూయ అతనికి ముందే ఫోన్ చేసింది. పాత నెగెటివ్‌ను మిషన్ మీద పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించి ప్రింటు తీస్తాడు. ఒక్కొక్కటి అరవై రూపాయలు. రేపు పొద్దుటికల్లా తీసుకొస్తే సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాడు. అక్కడి నుంచి బయటికి అడుగు పెట్టగానే నా చెప్పు తెగింది. చెప్పులు కుట్టే ఆయన నలభై అడిగాడు. ఊళ్ళో అయితే పది. బేరం చేస్తే, రోడ్డు మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డవాళ్ళకు బేరం ఉండదమ్మా అన్నాడు. నిజమే కనుక ఇచ్చాను.

అబిడ్స్, పై అంతస్తు

స్టూడియో ఉన్న మేడను పడగొట్టబోతున్నారు. నెలాఖరుకల్లా అందరూ ఖాళీ చేయాలని గేటుకు కాగితం అంటించారు. కింద రెండు దుకాణాలు అప్పుడే వెళ్ళిపోయాయి. మెట్ల మీద నా కోసం యాదమ్మ కూర్చుని ఉంది.

యాదమ్మ ఇరవై ఆరేళ్ళు అనసూయ దగ్గర పని చేసింది. చేవెళ్ళ దగ్గర పల్లె నుంచి మట్టి పనికి వచ్చి, స్టూడియో ఊడ్చే పనికి కుదిరి, చివరికి మోడళ్ళకు చీరలు కట్టే మనిషి అయింది. నోట్లో పిన్నులు పెట్టుకుని కుచ్చిళ్ళు సర్దేదట. కెమెరాకు కనిపించేది ముందు వైపే కనుక వదులు గుడ్డనంతా వెనక్కి లాగి, బట్టలారేసే క్లిప్పులు పెట్టేది. "ముందలకెళ్లి జూస్తే రాణి, ఎన్కకెళ్లి జూస్తే బట్టలారేసిన దండెం," అని ఆమె చెబితే నేను ఆ మెట్ల మీదే నవ్వాను. ఆ ప్రయాణంలో నవ్వింది అదే చివరిసారి అని తర్వాత లెక్క తేలింది.

అనసూయ తాండూరు వచ్చేశాక, స్టూడియో తాళం యాదమ్మ దగ్గరే ఉంది. నెలకు రెండుసార్లు వచ్చి ఊడ్చి దీపం పెట్టి పోతోంది. జీతం లేదు. లోపల ఎక్కడా దుమ్ము లేదు. తెరలు మడిచి ఉన్నాయి. లైట్ల స్టాండ్లకు పాత చీర ముక్కలు చుట్టి ఉన్నాయి. పెద్ద చెక్క కెమెరా మీద దుప్పటి కప్పింది, నిద్రపోతున్న మనిషికి కప్పినట్టు.

ఇనప అల్మారా తెరిచాను. పైన నాలుగు అరల నిండా చీరల ప్రకటనల నెగెటివ్‌లు, రంగువి, నలభై ఒక్క డబ్బాలు. ఒక్కటి కదలలేదు. అన్నింటి మీదా దుకాణాల పేర్లు. అడుగు అర ఖాళీగా ఉంది. అందులో కొత్త పేపరు పరిచి ఉంది.

"గీడ కవర్లుండాలె గద యాదమ్మా. ఎక్స్‌రే కవర్లు."

"ఔనమ్మా, ఉండె. గవన్ని తీసేసిన," అంది యాదమ్మ. మంచి పని చేశానని మెచ్చుకుంటారేమో అన్నట్టు నా మొహంలోకి చూసింది.

యాదమ్మ చెప్పింది

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె నేల మీద కూర్చుని చెప్పింది. 

ఎడమ కన్ను కూడా మసకబారుతోందని దసరాకు ముందు అనసూయే ఆమెకు ఫోన్‌లో చెప్పింది. యాదమ్మకు గుబులు పట్టుకుంది. మేడ ఖాళీ చేయాలి కనుక సామాను సర్దుదామని అల్మారా తెరిచింది. అడుగు అరలో అన్నీ దవాఖాన కవర్లే. ఆదివారాలు ఆమెకు సెలవు. ఆ కవర్ల సంగతి ఆమెకు ఎన్నడూ తెలియదు. ఫిల్ము అమ్మినవాడే కవర్లు ఊరికే ఇచ్చేవాడు కనుక అనసూయ వాటిలోనే దాచింది. పైగా రోగి పేరు, వయసు అని అచ్చువేసిన గీతల మీద ఆయా ఆడవాళ్ళ పేర్లు, వయసులు రాసింది. యాదమ్మకు చదువు రాదు. వాచ్‌మన్‌ను పిలిచి చదివించింది. అతను వరసగా చదివాడు. శోభ, ముప్ఫై రెండు. బాలమణి, నలభై. ఖైరున్నీసా, ముప్ఫై ఒకటి.

"ఒక్కటి బయటికి తీసి జూసినమ్మా. కండ్లు తెల్లగ, నోరు తెల్లగ, పుర్రె లెక్క ఉండె. భయమై లోపల పెట్టిన. గింతమంది ఆడోళ్ళ రోగాలు అమ్మ దగ్గర పెట్టుకున్నదాయె, అమ్మ కండ్లు ఎట్ల బాగయితయి అనుకున్న. ఇంట్ల రోగం బొమ్మలుంటే రోగం పోదు గద."

ఈ పట్టింపు మాకూ ఉంది. మా ఆయన పోయిన మూడో రోజునే మా అత్త ఆయన ఎక్స్‌రేలనూ మందు చీటీలనూ బయట పడేయించింది. అందుకే యాదమ్మ మాట నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించి ఉంటే కోపమైనా వచ్చేది.

పాత సామాను కొనేవాడు తూకం వేసి, ఎనిమిదిన్నర కిలోలకు కిలో నూట ముప్ఫై లెక్కన పదకొండు వందల అయిదు రూపాయలు ఇచ్చాడు.

"గా పైసలు నేను ముట్టలేదమ్మా," అంది. "వెండి కండ్లు కొని, అమ్మ పేరు మీద మా ఊరి పోశమ్మకిచ్చిన. కొబ్బరికాయ, పూలు పోంగ ఇరవై రూపాయలు మిగిలితె హుండిలేసిన."

అప్పుడు ఆ కవర్లలో ఏముందో నేను చెప్పాను. ఎంత మెల్లగా చెప్పగలనో అంత మెల్లగా చెప్పాను. ఆమె అల్మారా వైపు చూసింది. తర్వాత ఒకే మాట అడిగింది.

"అమ్మ నాకెందుకు జెప్పలే?"

ఆ సాయంత్రం అనసూయ ఫోన్ చేసింది. దొరికినయా అక్కా అంది. ఇంకా వెతుకుతున్నానని చెప్పాను. అబద్ధం కాదు, మర్నాటి నుంచి వెతకబోతున్నాను.

ఫాల్స్ కుట్టే దుకాణం

బుధవారం పొద్దున యాదమ్మ నన్ను నాంపల్లిలో ఆ పాత సామానులవాడి దగ్గరికి తీసుకుపోయింది. పేరు సలీం. మర్యాదస్థుడు, నాకు స్టూలు వేశాడు. కవర్లు వేరే తీసి కాగితాల్లోకి, ఫిల్ములు వేరే తీసి బేగం బజారు వెనక ఉన్న కారఖానాకు పంపానన్నాడు. అక్కడ ఎక్స్‌రే ఫిల్ములు కడిగి వెండి తీస్తారట. ఈ రోజు వాళ్ళకు సెలవు, రేపు పోయి చూడండి, కడగని కుప్ప పెద్దగానే ఉంటుంది, అన్నాడు. ఆ 'పెద్దగానే' అనే మాట పట్టుకుని ఆ రోజంతా గడిపాను.

ప్రింటు చేసే మనిషికి ఈ రోజు రాలేనని చెప్పి, అనసూయ చెప్పిన పన్నెండు మందిలో మొదటి పేరు వెతుక్కుంటూ పోయాను. శోభ ఎక్కడుందో యాదమ్మకు తెలుసు. అబిడ్స్‌లో చీరల దుకాణాల వెనక వరసలో, చీరలకు ఫాల్ కుట్టి అంచులు పీకో చేసే చిన్న అర. ఒక చీరకు నూట ఇరవై. ఒకప్పుడు ముందు వరస అద్దాల్లో ఆమె బొమ్మ నిలువెత్తున ఉండేది. ఇప్పుడు ఆమె వెనక వరసలో మిషన్ తొక్కుతోంది. అరవై దాటింది. ముక్కు పక్కన, చెంపల మీద అమ్మవారి మచ్చలు స్పష్టంగా ఉన్నాయి.

నేను ఎవరో చెప్పగానే మిషన్ ఆపి చాయ్ తెప్పించింది. గోడకు ఒక పాత క్యాలెండర్ ఉంది. తేదీలు చింపేసి బొమ్మ మాత్రం ఉంచుకుంది. ఆకుపచ్చ పట్టుచీరలో పాలరాతి బొమ్మలాంటి పిల్ల. ఒక్క మచ్చ లేదు.

"గిది నేను కాదమ్మా, దుకాణమోళ్ళ శోభ," అంది. "మేడమ్ ఫిల్ము మీద గీ మచ్చలన్ని పెన్సిల్‌తోని రెండు దినాలు కూసోని మూసింది. నా ముందటనే. మూసుకుంట మూసుకుంట, ఆదివారం రా శోభా, నీ మొహం నీకిచ్చేస్త అన్నది."

ఆ ఆదివారం ఎలా తీసిందో శోభ చెప్పింది. ముందు పావుగంటసేపు ఏమీ తీయలేదట, మాట్లాడలేదట. కెమెరాను చూడగానే అలవాటుగా నవ్వు వచ్చేస్తుంది. ఆ నవ్వు అలిసిపోయి దానంతటదే పోయేదాకా ఊరికే కూర్చోబెట్టిందట. తర్వాత, తల కదపకు అని చెప్పి, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు మూత తీసి మూసిందట. అంతే. డబ్బులిచ్చి, అన్నం పెట్టి పంపింది. ఫోటో ఎప్పుడిస్తావంటే, చేస్త చేస్త అనేదట.

"ముప్ఫై ఏండ్లాయె. నాది దొరికితె నాకొక్కటి తీపియ్యమ్మా. మా మన్మరాలికి గివే మచ్చలయినయి. కుర్తలు అమ్మెటోళ్ళు బొమ్మల కోసం అడిగితె, నా మొహం పనికిరాదని ఇంట్ల కూసున్నది. దానికి జూపిస్త."

దొరికితే అన్నాను. చాయ్ డబ్బులు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. నా చీర అంచు ఊడి ఉండటం చూసి, నిలబెట్టే రెండు కుట్లు వేసి పంపింది.

బేగం బజారు వెనక

గురువారం. దర్గాకు పోయే జనంతో నాంపల్లి రోడ్డు కిక్కిరిసింది. ఆటోకు ఎనభై అడిగారు, ఇచ్చాను. బేగం బజారులో మిరపకాయల ఘాటుకు యాదమ్మ, నేను ఇద్దరం తుమ్ముతూ నడిచాం. ఎండు మిర్చి, పసుపు, స్టీలు గిన్నెలు, అన్నీ మా ఊరి ధరలో మూడో వంతు తక్కువ. ఇంకెప్పుడైనా అయితే సంచి నింపుకునేదాన్ని.

కారఖానా అంటే రేకుల షెడ్డు. ఆరు ప్లాస్టిక్ పీపాలు, ముక్కు మండే వాసన. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఫిల్ములను ఒక పీపాలోంచి తీసి ఇంకో పీపాలో ముంచుతున్నారు. ముంచినది నల్లగా ఉంటుంది. తీసినది గాజులా ఉంటుంది. నల్లదంతా అడుగున బురదలా చేరుతుంది. పెరట్లో తీగలకు కడిగిన ఫిల్ములు వందలు వేలాడుతున్నాయి. వాటిలోంచి అవతలి గోడ ఇటుకలు లెక్క పెట్టవచ్చు.

యజమాని ముప్ఫై అయిదేళ్ళ మనిషి. మా మాట పూర్తిగా విన్నాడు. దసరాకు ముందు వచ్చిన సరుకు దీపావళికల్లా చాలావరకు అయిపోయిందన్నాడు. కడిగిన ప్లాస్టిక్ ఎక్కడికి పోతుందని అడిగాను. అట్టపెట్టెలకు కిటికీలు చేసేవాళ్ళు కొంటారట, చొక్కా కాలర్లలో పెట్టేవాళ్ళు కొంటారట. కడగని కుప్ప చూపించాడు. నా నడుము ఎత్తు ఉంది. "మీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకోండమ్మా," అని గోనె సంచులు పరిపించాడు.

ఎండకు ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే పైకెత్తి చూశాం. ఊపిరితిత్తులు, మోకాళ్ళు, విరిగిన మణికట్లు, పాలపళ్ళ కింద దాక్కున్న పళ్ళు. ఎవరి రోగాలో, ఎవరి ఇళ్ళలోంచి ఎవరు బయట పడేశారో. మొదట్లో యాదమ్మ ప్రతిదానికీ భయపడింది. మధ్యాహ్నానికి ఆమె చేతులు నా చేతులకంటే వేగంగా ఆడాయి. పైకెత్తి, ఎముకలు కనబడగానే "బొక్కలే," అని పక్కన పెట్టేది. అన్నం తినలేదు. పని చేసే ఆడవాళ్ళు జొన్నరొట్టె ముక్క, పచ్చిపులుసు ఇస్తే నేను తిన్నాను, ఆమె ముట్టలేదు.

మూడింటికి కుప్ప అడుగున ఒకటి దొరికింది. తడికి ఒక మోకాలి ఎక్స్‌రేకు అతుక్కుపోయి ఉంది. అంచున కొంగు మడత కనబడి యాదమ్మే గుర్తు పట్టింది. యజమాని నీళ్ళలో నానబెట్టి స్వయంగా విడదీశాడు. విడిపోయింది, కాని దాని మీది పొర సగానికి పైగా మోకాలితో వెళ్ళిపోయింది. మిగిలింది ఒక చెయ్యి. చీర అంచును గట్టిగా పట్టుకున్న ఆడమనిషి ఎడమ చెయ్యి, రెండు గాజులు. మెడ దగ్గర నుంచి పైకంతా గాజులా ఖాళీ.

దానికి డబ్బు వద్దన్నాడు. స్టూడియోలో ఇంకా నలభై ఒక్క డబ్బాల రంగు నెగెటివ్‌లు ఉన్నాయని నేను చెబితే, రంగు ఫిల్ములో వెండి మిగలదమ్మా, అది ఎవ్వరూ కొనరు అన్నాడు.

యాదమ్మ అతన్ని అడిగింది, కిలోకు వెండి ఎంత వస్తుందని.

"ఐదారు గ్రాములొస్తది."

"నేను పోశమ్మకు కండ్లిచ్చిన. వెండియి. గవి గూడ గీ బొమ్మలు కడిగిన వెండేనా?"

"కరగబోసినంక అంత ఒక్కటే అయితదమ్మా. ఏది ఎక్కడిదని చెప్పరాదు," అన్నాడు.

స్టేషన్ దాకా యాదమ్మ నా సంచి మోసింది. రైలు కదిలేముందు కిటికీ ఊచ పట్టుకుని, అమ్మకు నా పేరు చెప్పకు అని గాని, చెప్పు అని గాని అంటుందని ఎదురు చూశాను. రైలు కదిలాక ఊచ వదిలేసింది.

తాండూరు

శోభకు ఏమీ చెప్పకుండానే వచ్చేశాను. వచ్చాక ఫోన్ చేశాను. సరేనమ్మా అంది. మేడమ్ పాణం ఎట్లుందని అడిగింది.

అనసూయకు శుక్రవారం పొద్దున చెప్పాను. కవర్ల సంగతి, కారఖానా సంగతి, వెండి కళ్ళ సంగతి, దాచకుండా, జరిగిన వరసలో. విన్నంతసేపూ కిటికీ వైపే చూసింది. అయ్యాక చెయ్యి చాపితే ఆ ఫిల్మును చేతికిచ్చాను. వెలుతురుకు ఎత్తి, తన గుండ్రంలోకి తెచ్చుకుని, అంగుళం అంగుళం జరుపుతూ చూసింది. ఎవరిదని అడిగాను.

"యాదికొస్తలేదక్కా. మొహముంటే చెప్తుంటి."

తర్వాత, చీరలవి ఉన్నయా అని అడిగింది. నలభై ఒకటీ ఉన్నాయన్నాను.

"గవి గూడ గాయ్‌నకే పంపియ్యి. కడిగెయ్యమను."

"రంగు వాటిల వెండి ఉండదంట. వద్దన్నడు."

"ఔ గద," అంది. "గది నాకెర్కనే."

మధ్యాహ్నం తనే యాదమ్మకు ఫోన్ చేయించుకుంది. నేను వంటింట్లో ఉన్నాను, వినిపించింది. బాగుంది యాదమ్మా, నువ్వు పోశమ్మకు కండ్లిచ్చినంక జర సల్లగనే ఉంది కన్ను, అంది. అటునుంచి యాదమ్మ ఏమందో తెలియదు. అనసూయ చాలాసేపు ఊఁ కొడుతూ కూర్చుంది.

నెలాఖరున వ్యాను కిరాయికి మాట్లాడి నలభై ఒక్క డబ్బాలూ, చెక్క కెమెరా తెప్పించాను. మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. మేడ పడగొట్టడం మొదలైందట. డిసెంబరు తొమ్మిదిన పొద్దున అనసూయ అద్దం ముందు నుంచి లేచి వచ్చి, ఇకనుంచి బొట్టు నువ్వే పెట్టాలక్కా అంది.

పోయినవి ఇవి. ఎక్స్‌రే ఫిల్ము మీద తీసిన నెగెటివ్‌లు మూడు వందల అరవై మూడు పూర్తిగానూ, ఒకటి ఒక చెయ్యి తప్ప మిగతా అంతానూ. వాటిలో కూర్చున్న ఆడవాళ్ళు, అనసూయకు గుర్తున్నంతవరకు, నూట తొంభైకి పైన. పదకొండేళ్ళ ఆదివారాలు. అనసూయ కుడి కన్ను, ఎడమ కన్ను. చేయించిన ప్రింట్లు, ఒక్కటీ లేదు.